'ఆయ్' అంటే అర్థమైనట్టు కాదు: భాష కలవని పేషెంటుతో మాట్లాడటం ఎలా

చీటీ మీద 1-0-1 అని రాశాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. రొయ్యల కంపెనీలో పీలింగ్ పనికి ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయి. వేలు తెగి, చీము పట్టి వచ్చింది. "సమఝ్ గయే?" అన్నాను, టీవీ చూసి నేర్చుకున్న హిందీలో. "హఁ" అంది. వెంట వచ్చిన సూపర్‌వైజరు "ఆయ్, నేను చెప్తాను కదండీ" అన్నాడు. ఐదు రోజుల తర్వాత చెయ్యి మోచేతి దాకా వాచిపోయి మళ్లీ వచ్చింది. పది బిళ్లల స్ట్రిప్పులో ఏడు మిగిలే ఉన్నాయి. మొదటి రోజు ఒకటి వేసుకుంది. రెండో రోజు సున్నా కాబట్టి మానేసింది. మూడో రోజు ఒకటి. నాలుగో రోజు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. నా కాగితం చెప్పినట్టే చేసింది పాపం.

భీమవరం దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్న నేను ఆ రోజు నుంచి "అర్థమైందా?" అని అడగడం మానేశాను. మన గోదావరి వాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. డాక్టరు ముందు మనమనే "ఆయ్"కి విన్నామని అర్థం, మీరు పెద్దవారు కాదనమని అర్థం, బయట ఆటో వెయిటింగులో ఉందని కూడా అర్థం. అర్థమైందన్న అర్థం మాత్రం అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ అమ్మాయి "హఁ" కూడా అలాంటిదే. అసలు భాష తెలియకపోతే కనీసం తెలియలేదని తెలుస్తుంది. సగం తెలిసిన చోటే కొంప మునుగుతుంది.

డెల్టాలో ఓపీ చూసే డాక్టర్లకి, నర్సులకి, మందుల షాపులో కూర్చునేవాళ్లకి పనికొస్తుందని, చేసి చూసినవే వరసగా రాస్తున్నాను. మన పేషెంట్లు పై ఊళ్ల ఆసుపత్రులకి వెళ్లినప్పుడు చేసుకోవలసినవి చివర్లో ఉన్నాయి.

ముందు భాష ఏదో కనుక్కోండి

"ఏ ఊరు?" అని అడిగి ఊరుకుంటే చాలదు. "ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని అడగాలి. రొయ్యల కంపెనీలకి, రైసు మిల్లులకి, ఇటుక బట్టీలకి, అపార్ట్‌మెంట్ల పనులకి వచ్చేవాళ్లలో ఒడియావాళ్లున్నారు, బెంగాలీలున్నారు, బీహారువాళ్లున్నారు. మనం అందరినీ కలిపి "హిందీవాళ్లు" అనేస్తాం. ఒడిశా పల్లెలో పెరిగిన ఆవిడకి హిందీ కూడా మనలాగే అరువు భాష. ఆవిడ సగం హిందీ, మన సగం హిందీ కలిస్తే ఒక భాష అవుతుందనుకోకండి.

ఒడిశాలో మన సరిహద్దును ఆనుకున్న రాయగడ, గజపతి వైపు వాళ్లకి కొంచెం తెలుగొస్తుంది. వాళ్లతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కూలి, బేరం, బస్సు వరకు ఆ తెలుగు చక్కగా పనిచేస్తుంది. "ఇంతకు ముందు ఏదైనా ఇంజెక్షన్ పడక ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా?" అనే చోట ఆగిపోతుంది. ఆగినట్టు మనకి కనబడదు. ఇక చింతూరు, కూనవరం వైపు నుంచి రాజమండ్రికో కాకినాడకో దిగే కోయ పెద్దవాళ్లలో తెలుగు కంటే కోయ మాటే హాయిగా వచ్చేవాళ్లుంటారు. మొహం చూసి తెలుగువాళ్లేనని మనం గబగబా చెప్పేస్తాం.

కేస్ షీటు మీద పేరు, వయసు పక్కనే మూడు మాటలు రాసిపెట్టండి: మాట్లాడే భాష, చదవగలిగే లిపి, మాట కలిపే మనిషి ఫోన్ నంబరు. రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు మళ్లీ మొదటి నుంచి మూగ సైగలు చేయనక్కర్లేదు.

తెలుగు రానిది ఒక్కోసారి డాక్టరుకే. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పీజీ సీట్లలో సగం ఆలిండియా కోటాలో నిండుతాయి. కాబట్టి కాకినాడ రంగరాయ లాంటి కాలేజీ ఆసుపత్రిలో రాత్రి రెండింటికి మీ మావయ్యను చూసే డాక్టరు రాజస్థాన్ కుర్రాడు కావచ్చు. ఎంబీబీఎస్ మొదట్లో ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని ఉంది. ఆ కాసిని క్లాసులతో మావయ్య తెలుగు అందదు లెండి.

మధ్యలో ఎవరిని కూర్చోబెట్టాలి

18వ శతాబ్దంలో పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ల దగ్గర ఆనందరంగ పిళ్లై దుబాసీగా, అంటే రెండు భాషల మధ్య మాట కలిపేవాడిగా ఉండేవాడు. జీతం, హోదా ఉన్న పని అది. మనకి ఆ మాట మిగిలింది గానీ ఆసుపత్రిలో ఆ కుర్చీ లేదు. అందుకని ఎవరు దొరికితే వాళ్లే దుబాసీ.

దొరికినవాళ్లలో ముగ్గురిని వీలైనంత వరకు తప్పించండి. మొదటివాడు సూపర్‌వైజరో మేస్త్రీయో. వాడు చెడ్డవాడని కాదు. రేపు పనిలోకి వస్తుందా రాదా అన్నది వాడి లెక్క. తెగిన వేలు కంపెనీలో తెగిందా, గదిలో తెగిందా అన్న మాట వాడి నోటి మీదుగా వస్తే రంగు మారుతుంది. నెల తప్పిందన్న సంగతి వాడి ముందు ఆ అమ్మాయి చెప్పనే చెప్పదు. రెండోది పిల్లలు. ఇక్కడి బళ్లో చేరి తెలుగు పట్టేసిన పదేళ్ల పిల్లవాడు చలాకీగా చెప్పేస్తాడు. వాళ్లమ్మకి రక్తస్రావం అవుతోందన్న మాట వాడి చేత అనిపించడం తప్పు. మూడోది, ఆడవాళ్ల విషయాలు మాట్లాడేటప్పుడు మొగుడు, అత్తగారు. కొట్టడం వల్ల తగిలిన దెబ్బైతే, కొట్టినవాడే దుబాసీ అయ్యే ప్రమాదం ఉంది.

మరి ఎవరు? మా దగ్గర పనికొచ్చినవాళ్లు ఇద్దరు. ఇక్కడే స్థిరపడి తెలుగువాళ్లని పెళ్లాడిన ఒక ఒడియా ఆవిడ, ఆసుపత్రి పక్క వీధిలోనే ఉంటుంది. ఫోన్‌లో దొరికే ఒక నర్సింగ్ విద్యార్థి, బరంపురం పిల్ల. వచ్చిన ప్రతిసారీ ఎంతో కొంత ఇస్తాం. డబ్బులిస్తే అది పని అవుతుంది. పని అయితే నియమాలు పెట్టొచ్చు.

నియమాలు ఇవి. దుబాసీని పేషెంటు పక్కన, కొంచెం వెనగ్గా కూర్చోబెట్టండి. మీరు చూడవలసింది పేషెంటు మొహం వైపు. "ఈవిడకి ఎప్పటి నుంచో కనుక్కోండి" అనకండి. "అమ్మా, మీకు ఎప్పటి నుంచి?" అని ఆవిడనే అడగండి. ఒక వాక్యం చెప్పి ఆగండి. ఆవిడ అన్నది అన్నట్టుగా చెప్పమని, సొంత సలహాలు కలపొద్దని, అర్థంకాని మాట ఉంటే మొహమాటపడకుండా అడగమని దుబాసీకి ముందే చెప్పండి. ఇక్కడ విన్నది గేటు దాటకూడదని కూడా.

పేషెంటు రెండు నిమిషాలు చేతులు తిప్పుతూ చెప్పి, దుబాసీ "ఏం లేదంటండి" అన్నాడనుకోండి. అక్కడే ఆపండి. "ఏం లేదని చెప్పడానికి రెండు నిమిషాలెందుకు పట్టింది బాబూ, మొత్తం చెప్పు" అనండి. చాలాసార్లు రోగం ఆ రెండు నిమిషాల్లోనే ఉంటుంది.

మాటలు చేసే మోసం

మా ఓపీలో ఒకసారి గొడవైంది. ఒడియా ఆయన వచ్చి "ముండ, ముండ" అంటున్నాడు. కొత్తగా చేరిన నర్సమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. ఒడియాలో ముండ అంటే తల. "ముండ బిందుచి" అంటే తలనొప్పి. పాపం ఆయన తల పట్టుకునే చెబుతున్నాడు, ఈ అమ్మాయి చేతుల వంక చూడలేదు. అలాగే పేట అంటే కడుపు, గోడ అంటే కాలు. అదృష్టవశాత్తు జ్వర, రక్త, బాంతి, ఔషధ వింటే మనకే తెలిసిపోతాయి. "కేఉఁఠి బిందుచి?" అంటే ఎక్కడ నొప్పి, "కేబేఠారు?" అంటే ఎప్పటి నుంచి. ఈ రెండూ, ఝాడా అంటే విరేచనాలన్నదీ నేర్చుకుంటే మొదటి ఐదు నిమిషాలు గడిచిపోతాయి. మావుసీ అని పిలిస్తే పెద్దావిడ మొహం విప్పారుతుంది. మనం పిన్నిగారూ అన్నట్టే అది.

అన్నిటికన్నా పెద్ద గుంట "కల్". హిందీలో నిన్న అన్నా కల్, రేపు అన్నా కల్. బెంగాలీలో కాల్, ఒడియాలో కాలి, అదే తంతు. తెలుగులో అలవాటు లేని గందరగోళం కాబట్టి మనం పట్టుకోలేం. "కల్ ఆనా" అని మీరన్నప్పుడు రేపని వాళ్లకి తెలుస్తుంది. "కల్ ఇంజెక్షన్" అని వాళ్లంటే నిన్న వేయించుకున్నారా, రేపు వేయించుకోవాలా? ఒడియాలో అయితే గత కాలి, ఆసంతా కాలి అని విడదీసి అడగండి. లేదంటే కేలండరు మీద వేలు పెట్టించండి. కేలండరు ఓపీ బల్ల మీద ఉండాలి, గోడకి కాదు.

మన తెలుగు మాత్రం తక్కువ తిన్నదా? పై రాష్ట్రం డాక్టర్ల కోసం ఈ మాటలు రాసి డ్యూటీ రూములో అంటించాం. "మందు తాగాడు" అంటే సారా తాగాడు, బిళ్ల వేసుకున్నాడు, పురుగుల మందు తాగాడు, మూడూ కావచ్చు. మన పొలాల మధ్య మూడోదే ముందు అనుకోవాలి. కనుపాపలు చూడండి, నోటి నురగ చూడండి, వాసన చూడండి. డబ్బా తెమ్మనండి, కనీసం దాని ఫొటో పంపమనండి. "నొప్పి" వేరు, "నొప్పులు" వేరు. కడుపుతో ఉన్న మనిషికి నొప్పులొస్తున్నాయంటే అది కాన్పు. "తెల్లబట్ట" అంటే బట్ట కాదు. "కళ్లు తిరగడం" కళ్ల జబ్బు కాదు, దాన్ని మాటకి మాట హిందీలోకి దించితే పేషెంటు కళ్ల డాక్టరు దగ్గర తేలుతుంది. "గ్యాస్ పట్టేసింది" అన్న యాభై ఏళ్ల మనిషికి చెమట పడుతుంటే ముందు ఈసీజీ తీయాలి, జెలుసిల్ సంగతి తర్వాత.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో చూడండి. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో స్పృహ తప్పిన 18 ఏళ్ల కుర్రాడిని ఆసుపత్రికి తెచ్చారు. క్యూబా నుంచి వచ్చిన కుటుంబం. వాళ్లు అన్న స్పానిష్ మాట "ఇంటాక్సికాడో". తిన్నదేదో పడక జబ్బు చేసిందని వాళ్ల ఉద్దేశం. వినడానికి ఇంగ్లీషు "ఇంటాక్సికేటెడ్" లాగే ఉంది కాబట్టి మత్తు పదార్థాలు ఎక్కువై పడిపోయాడనుకున్నారు డాక్టర్లు. నిజానికి మెదడులో రక్తం కారుతోంది. అది తేలేసరికి ఆలస్యమై కుర్రాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. పరిహారం దాదాపు 7 కోట్ల 10 లక్షల డాలర్లకి తెగింది. దుబాసీని ఎవరూ పిలవలేదు. అవసరమని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే మాట అర్థమైందనే అందరూ అనుకున్నారు.

అడిగే పద్ధతి

అవును కాదు అనిపించే ప్రశ్నలు వేయకండి. "జ్వరం ఉందా?" అంటే హఁ. "లేదా?" అన్నా హఁ. "నిన్న రాత్రి ఎలా గడిచింది?" అనండి. "ఎక్కడో చూపించండి" అనండి. ఒక్క వేలితో చూపిస్తే ఒకటి, అరచెయ్యంతా రొమ్ము మీద వేసి చూపిస్తే మరొకటి. దానికి భాష అక్కర్లేదు.

నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారని అడగడం పుస్తకంలో బాగుంటుంది. మన పెద్దవాళ్లకి రూపాయి లెక్క తెలుసు. "రూపాయిలో ఎంత తగ్గింది?" అంటే "ముప్పావలా తగ్గిందండి, పావలా ఉండిపోయింది" అని ఠక్కున చెబుతారు. పై రాష్ట్రం వాళ్లకి నీళ్ల గ్లాసు చూపించండి. నిండుగా, సగం, అడుగున.

అంకెలు నోటితో చెప్పి వదలకండి. తెలుగులోనే ఇరవైకీ అరవైకీ ఒక్క అక్షరం తేడా. ఇన్సులిన్ చెప్పేటప్పుడు అది ప్రాణం తేడా. కాగితం మీద 20 అని వేసి, సిరంజి మీద గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి చూపించండి. పనిలో పనిగా మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల సీసాకి నారింజ మూత సిరంజి అని కూడా చూపించి పంపండి.

చెప్పే పద్ధతి

ఒక్కసారికి మూడు సంగతులే. నాలుగోది చెబితే మొదటిది పోతుంది.

"టిఫిన్ తర్వాత" అనకండి, పొద్దున్నే అన్నం తినేవాళ్లకి టిఫిన్ అనే పూటే లేదు. "పొద్దున" అన్నా సరిపోదు. నైట్ షిఫ్టు చేసే పిల్లకి పొద్దున అంటే నిద్రపోయే వేళ. షిఫ్టు ఎప్పుడో అడిగి, గడియారం బొమ్మ గీసి, గంట ముల్లు పెట్టండి. బిళ్లలు పెట్టే కాగితపు కవరు మీద మందుల షాపు కుర్రాడు ఉ, మ, రా అని రాస్తాడు. తెలుగు లిపి రానివాళ్లకి అవి మూడు ముగ్గులు. సూర్యుడు, చంద్రుడు, పక్కన అన్నం కంచం గీయమనండి. బిళ్లలు ఎన్నో అన్ని సున్నాలు కాదు, అన్ని గీతలు. సున్నా ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు.

తిరిగి చెప్పించుకోవడం

ఇంత చదివి ఒక్కటే గుర్తు పెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. చెప్పడమయ్యాక ఇలా అనండి: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా. ఇంటికెళ్లాక ఈ బిళ్ల ఎలా వేసుకుంటావో నాకు చూపించు." తప్పు నా నెత్తిన వేసుకున్నాను చూశారా, పరీక్ష నాది, ఆవిడది కాదు. లేకపోతే సిగ్గుపడి మళ్లీ హఁ దగ్గరికే వస్తుంది.

ఆ తెగిన వేలు అమ్మాయితో రెండోసారి ఇదే చేశాను. స్ట్రిప్పు చేతికిచ్చాను. దుబాసీ ఆవిడ అడిగింది. అమ్మాయి ఒక బిళ్ల నొక్కి తీసి అరచేతిలో పెట్టుకుంది. సూర్యుడి బొమ్మ మీద వేలు పెట్టింది. ఇంకో బిళ్ల తీసి చంద్రుడి మీద పెట్టింది. తర్వాత ఆగి, ఏదో అడిగింది. "చెయ్యి తగ్గిపోతే మిగతావి ఆపేయొచ్చా అంటోందండి." ఆ ప్రశ్న మొదటి రోజే లోపల ఉండి ఉంటుంది. అడగడానికి చోటివ్వలేదు నేను. ఇదంతా కలిపి మూడు నిమిషాలు పట్టింది. బయట నలభై మంది ఉన్నారు, నిజమే. వాచిన చెయ్యి కోసి చీము తీసి కట్టు కట్టడానికి అంతకు ముందు పట్టింది నలభై నిమిషాలు.

తప్పు చెబితే అదే వాక్యం గట్టిగా అరిచి చెప్పకండి. వినబడక కాదు కదా. వేరే మాటల్లో, వేరే బొమ్మతో చెప్పి, మళ్లీ చెప్పించుకోండి.

సంతకం

ఆపరేషన్ కాగితం ఇంగ్లీషులో ఉండి, కింద వేలిముద్ర ఉంటే అది ఒప్పుకోలు కాదు. తెలిసి ఒప్పుకున్నదే ఒప్పుకోలని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. పరీక్షకని మత్తిచ్చిన ఆవిడకి, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి తీసేసిన కేసు అది. ప్రాణాపాయం లేనప్పుడు, మేజరైన మనిషి తరఫున తల్లి మాట కూడా చెల్లదంది. తల్లి మాటే చెల్లనప్పుడు మేస్త్రీ మాట ఏం చెల్లుతుంది? ఏం చేస్తారు, ఎందుకు, చేయకపోతే ఏమవుతుంది అన్నవి ఆమె భాషలో చెప్పించి, తిరిగి చెప్పించుకుని, దుబాసీ పేరు, సంతకం కూడా అదే కాగితం మీద తీసుకోండి. ప్రాణం మీదికొస్తే మాత్రం దుబాసీ కోసం ఆగకండి. ముందు వైద్యం, పక్కన ఒకరు ఫోన్ చేస్తూ ఉండాలి.

ఫోన్ యాప్

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి ఒడియా 2020లో వచ్చింది. "నీళ్లు తాగారా", "ఎడమ చెయ్యి చాపండి" లాంటి వాటికి వాడుకోండి. చిన్న వాక్యాలు, నుడికారం లేకుండా. "కళ్లు తిరుగుతున్నాయా" వద్దు, "తల తిరుగుతోందా" అనండి. వచ్చిన ఒడియాని మళ్లీ తెలుగులోకి తిప్పి చూడండి, మీరన్నదే వస్తే వినిపించండి. క్యాన్సర్ అని చెప్పాల్సి వచ్చినా, ఆపరేషన్‌కి ఒప్పించాల్సి వచ్చినా ఫోన్ జేబులో పెట్టేయండి.

మన వాళ్లు పై ఊరు వెళ్తే

యానాం వాళ్లు పుదుచ్చేరి జిప్‌మర్ ఆసుపత్రికి, మిగతావాళ్లు వేలూరుకో చెన్నైకో రైలెక్కుతారు. అక్కడ సీన్ తిరగబడుతుంది, "ఆయ్" అనేది మనం. బయల్దేరే ముందు మీ ఊరి డాక్టరు చేత ఒకే ఒక్క పేజీ ఇంగ్లీషులో రాయించుకోండి. జబ్బు పేరు, ఎప్పటి నుంచి, వేసుకుంటున్న మందుల అసలు పేర్లు, మోతాదు, పడని మందులు. కంపెనీ పేర్లు చాలవు, అక్కడి షాపులో ఆ కంపెనీ ఉండకపోవచ్చు. దాన్ని ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచండి. అడగాల్సినవి మూడు ప్రశ్నలు రైల్లోనే కాగితం మీద పెట్టుకోండి.

తమిళం మనకి దగ్గరగా వినిపిస్తుంది, మరుందు అంటే మందే. అంతమాత్రాన మురిసిపోకండి. సాప్పాట్టుక్కు మున్నాడి అంటే భోజనానికి ముందు, పిన్నాడి అంటే తర్వాత. ఈ రెండూ తారుమారైతే షుగర్ మాత్ర తిరగబడుతుంది. మందులు చేతికొచ్చాక కౌంటర్ వదలకుండా, ఒక్కో స్ట్రిప్పు పైకెత్తి ఎప్పుడు వేసుకుంటారో మీరే వేళ్లతో, సైగలతో చెప్పండి. వాళ్లు అడగకపోయినా సరే. తప్పుంటే కౌంటర్లో ఉన్న అమ్మాయే సరిదిద్దుతుంది.

ఇక ఆసుపత్రివాళ్లకి ఇంకో పని. దుబాసీ నంబర్లు ఒక్కటి కాకుండా కనీసం మూడు రాసుకోండి, మూడు నెలలకోసారి ఫోన్ చేసి పలుకుతున్నాయో లేదో చూడండి. జూన్ మధ్యలో ఒడిశాలో రజ పండగ మూడు రోజులు. మా ఒడియా ఆవిడ ఏటా పుట్టింటికి వెళ్తుంది. కంపెనీ పిల్లలందరూ వెళ్లరు, ఇక్కడే ఉండిపోయినవాళ్లకి అదే వారంలో జ్వరాలొస్తాయి.